చారిత్రక గాయం, ఆరోగ్యం: జోసెఫ్ గాన్ పరిశోధన మన సెటిల్‌మెంటు ఊళ్లకు వర్తిస్తుందా?

ప్రశ్న: పీజీ విద్యార్థిని, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో సోషల్ వర్క్ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మైదాన ప్రాంత గిరిజనుల మానసిక ఆరోగ్యం మీద ప్రాజెక్టు చేయవలసి ఉంది. అందుకు ఆధారంగా ఉత్తర అమెరికా ఆదివాసుల మీద జరిగిన పరిశోధనలను రెండు నెలలుగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక సందేహం తీరకపోగా బలపడుతోంది కనుక ఇక్కడ అడుగుతున్నాను.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. లకోటా తెగకు చెందిన పరిశోధకురాలు మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ 1990లలో 'చారిత్రక గాయం' అనే భావనకు ఒక రూపం ఇచ్చారు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద జరిగిన ఊచకోత, భూములు చేజారిపోవడం, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి బోర్డింగ్ స్కూళ్లలో పెట్టి సొంత భాష మాట్లాడితే దండించడం, ఇవేవీ అనుభవించిన తరంతో ముగిసిపోలేదని ఆమె అంటారు. తనివితీరా ఏడవడానికి కూడా వీలు దొరకని ఆ దుఃఖం తరం నుంచి తరానికి పేరుకుంటూ వచ్చి, నేటి తాగుడుకు, కుంగుబాటుకు, ఆత్మహత్యలకు వెనుక నిలబడి ఉందన్నది ఆమె వాదన. 1992లో ఆమె బ్లాక్ హిల్స్ ప్రాంతంలో 45 మంది లకోటా సేవా కార్యకర్తలతో నాలుగు రోజుల శిబిరం నడిపి, ఆ దుఃఖాన్ని నలుగురిలో చెప్పుకున్నాక వారిలో వచ్చిన మార్పును నమోదు చేశారు.

ఆ తరువాత చదివినవి జోసెఫ్ గాన్ రచనలు. ఆయన మోంటానా రాష్ట్రంలో ఆదివాసులకు కేటాయించిన ప్రాంతమైన ఫోర్ట్ బెల్‌నాప్ రిజర్వేషన్‌కు సంబంధించిన గ్రో వాంట్ తెగ సభ్యుడు, క్లినికల్ సైకాలజీ చదివినవాడు, ప్రస్తుతం హార్వర్డ్‌లో ఆచార్యుడు. చారిత్రక గాయం అనే మాటలో నాలుగు అంశాలు కలిసి ఉన్నాయని ఆయన విడదీసి చెబుతారు: అది వలస పాలన చేసిన గాయం కావడం, సమూహమంతా కలిసి అనుభవించినది కావడం, ఒకదాని మీద ఒకటి పేరుకుపోవడం, తరాలు దాటి రావడం. అయితే ఇంత చక్కగా విడమర్చిన మనిషే ఈ భావనను వాడుతున్న తీరును గట్టిగా ప్రశ్నిస్తున్నారు. నా ఇబ్బంది ఇక్కడే మొదలైంది.

2004లో విట్‌బెక్, ఆయన సహచరులు తయారుచేసిన 'చారిత్రక నష్టాల కొలమానం' ఒకటి ఉంది. అందులో 12 నష్టాలను వరుసగా పేర్కొని, వీటిని గురించి మీరు ఎంత తరచుగా ఆలోచిస్తారని అడుగుతారు. దీన్ని తెలుగులోకి అనువదించి, స్టువర్టుపురంలోను, సీతానగరంలోను, బ్రిటిష్ ప్రభుత్వం 'నేరస్త జాతులు' అని ముద్రవేసి నిర్బంధించిన పాత సెటిల్‌మెంటు కుటుంబాలకు చెందిన 60 మంది ఎరుకల వారిని అడగాలని నా ఆలోచన. అంకెలు వస్తాయి కనుక మా గైడ్ గారు కూడా దీనికే మొగ్గు చూపుతున్నారు.

ఈ పని సబబేనా? గాన్ అభ్యంతరాలు మన దగ్గర కూడా వర్తిస్తాయా? అసలు 'ట్రామా' అనే మాటకు తెలుగులో ఏది సరిపోతుంది? మన ఊళ్లలో ట్రామా అంటే హైవే పక్కన ప్రమాద బాధితులకు చికిత్స చేసే ఆసుపత్రి బోర్డే గుర్తుకు వస్తుంది.


సమాధానం 1: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, నీ ప్రశ్న బాగుంది కాని నువ్వు మోంటానా నుంచి బయలుదేరి స్టువర్టుపురం చేరాలని చూస్తున్నావు. నేనైతే స్టువర్టుపురం నుంచి బయలుదేరమంటాను. అక్కడ ఏం జరిగిందో ముందు తెలిస్తే, ఆ 12 ప్రశ్నలలో ఏవి పనికివస్తాయో నీకే తెలిసిపోతుంది.

ఎరుకల వారు పుట్టుకతో దేశదిమ్మరులన్నది సగం నిజం. వారు తిరిగింది పనిలేక కాదు. తీరంలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేరవేసి, అక్కడి ధాన్యాన్ని తిరుగు దారిలో తెచ్చే వర్తకం వారి చేతుల్లో ఉండేది. ఆడవారు బుట్టలు అల్లి అమ్మేవారు, సోది చెప్పేవారు. 'ఎరుక' అంటే తెలివిడి అనే కదా అర్థం. శ్రీనివాసుడంతటివాడు పద్మావతి కోసం ఎరుకలసాని వేషం కట్టాడని మనవారు కథగా చెప్పుకున్నారంటే, ఆ మనిషికి వాకిట్లో గౌరవమైన స్థానమే ఉండేది. తరువాత ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వచ్చింది, రైళ్లు వచ్చి గాడిద మోతను దెబ్బతీశాయి, అటవీ చట్టాలు వెదురుకు, పశువుల మేతకు అడ్డుపడ్డాయి, 1876–78 నాటి కరువు మిగిలినదాన్ని ఊడ్చేసింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషులను చూసి, వీరు తిరిగేది దొంగతనానికేనని నాటి ప్రభుత్వం తేల్చింది. ఈ వరుసను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మన ఎరుకల వారి విషయంలోనే వివరంగా చూపించారు. నువ్వు తప్పక చదవాలి.

1871లో ఉత్తరాది కోసం చేసిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది ఆ చట్టానికి అనవసరం, ఏ కులంలో పుట్టాడన్నదే దానికి కావలసింది. పేరు రిజిస్టరులో ఎక్కించడం, వేలిముద్రలు తీసుకోవడం, రోజూ హాజరు వేయించుకోవడం, పాసు లేకుండా ఊరు దాటితే శిక్షించడం అందులోని సంగతులు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, సంస్కరణ పాఠశాలలలో పెట్టే అధికారాన్ని కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. నువ్వు చదివిన అమెరికా బోర్డింగ్ స్కూళ్లకు మన వైపు దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే అది ఇదే.

1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నిర్వహణలో సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి తగిలించారు. ఆ ఊరి మనుషులకు తమ ఊరి పేరు కూడా తమది కాదు. అక్కడి నుంచి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలను పంపేవారు. నేరం మాన్పించే పుణ్యకార్యం ఒక చేతికి, చవక కూలి ఇంకో చేతికి అందాయన్నమాట. ఇటు కృష్ణ దాటగానే సీతానగరంలో ఇంకొక సెటిల్‌మెంటు, నెల్లూరు వైపు కావలిలో మరొకటి ఉండేవి.

ఇప్పుడు నీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన ఒక ముక్క చెబుతాను. భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ పనికి నాయకుడైన బూత్ టక్కర్ ఈ సెటిల్‌మెంట్లలో తాము చేస్తున్నదానికి 'క్రిమినోక్యూరాలజీ' అని పేరు పెట్టాడు. నేరస్తులను నయంచేసే శాస్త్రం అని దాని భావం. ఆ చట్టం దృష్టిలో ఎరుకల వారు పుట్టు దొంగలైతే, ఈయన దృష్టిలో పుట్టు రోగులు. ఒకసారి రోగులని ముద్రవేసి నయం చేయబోయిన మనుషుల దగ్గరికి నూరేళ్ల తరువాత నువ్వు ఇంకొక రోగం పేరు పట్టుకుని వెళుతున్నావు. నీ ఉద్దేశం మంచిదే, ఆయనకూ తన ఉద్దేశం మంచిదనే గట్టి నమ్మకం ఉండేది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కాని 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది కనుక పోలీసు స్టేషను రికార్డు కొత్త పేరుతో కొనసాగింది. మనం విసుగ్గా వాడే 'కేడీ' అన్న తిట్టు పోలీసు రిజిస్టరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలే. జాషువా గారి కుమార్తె హేమలత, గోరా గారి కుమారుడు లవణం స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారంటే, చట్టం పోయాక కూడా అంత పని మిగిలి ఉందనే అర్థం.

నీ కొలమానంలో శ్వేతజాతీయులు ఒప్పందాలను ఉల్లంఘించడం వల్ల నమ్మకం పోవడం గురించి ఒక ప్రశ్న ఉండాలి. ఎరుకల వారితో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు, ఉల్లంఘించడానికి కాగితమైనా లేదు. అటువంటి ప్రశ్నను అనువదించి ఏం చేస్తావు?


సమాధానం 2: మానసిక వైద్యుడు, కొత్తపేట, గుంటూరు

మాస్టారు చరిత్ర చెప్పారు కనుక నేను పరిశోధనల వైపు నుంచి మాట్లాడతాను. అన్నిటికంటే ముందు ఒక మాట: గాన్ చారిత్రక గాయం అబద్ధం అనడం లేదు. ఈ విషయంలో ఆయనను పొరపాటుగా చదివేవారు చాలామంది ఉన్నారు.

ఈ భావన చేసిన మేలును ఆయన ఒప్పుకుంటారు. తాగుబోతు, సోమరి, బలహీనుడు అని ఒక మనిషిని నిందించే చోట, ఇతని కుటుంబానికి ఏం జరిగిందో చూడండి అని వేలు చరిత్ర వైపు తిప్పడం చిన్న సంగతి కాదు. ఆయన అభ్యంతరం ఆ తరువాతి అడుగు మీద. చరిత్రలో జరిగిన అన్యాయానికి గాయం అనే వైద్యపరమైన పేరు పెట్టగానే, అన్యాయం చేసినవారు చిత్రం నుంచి తప్పుకుంటారు, గాయపడినవారు మాత్రం రోగులుగా మిగులుతారు. భూమి, అధికారం, ఒప్పందాలు అనే రాజకీయ ప్రశ్నలు కౌన్సెలింగ్ గదిలోకి వచ్చి చేరి, జాతి జాతంతా ఒకే రకంగా దెబ్బతిన్నదనే కొత్త ముద్ర మొదలవుతుంది. 2014లో లారెన్స్ కిర్మేయర్, జాషువా మోజెస్‌లతో కలిసి రాసిన వ్యాసంలో, యూదుల మారణహోమం నమూనాను ఆదివాసుల విషయానికి యథాతథంగా తగిలించడంలోని చిక్కులను కూడా వీరు చర్చించారు. అక్కడ హింస ఒక కాలానికి పరిమితమైనది, ఇక్కడ అది రూపం మార్చుకుని నేటికీ నడుస్తున్నది.

ఆయన పరిశోధనలో నన్ను బాగా కదిలించినది ఫోర్ట్ బెల్‌నాప్‌లో ఒక పెద్దమనిషితో జరిపిన సంభాషణ. 'ట్రావెలింగ్ థండర్' అనే మారుపేరుతో ఆయనను పరిచయం చేస్తారు. కుంగుబాటు, తాగుడు ఎందుకని అడిగితే, ఆ పెద్దాయన మెదడు రసాయనాల గురించి గాని బాల్యం గురించి గాని చెప్పకుండా తన జాతి చరిత్ర చెబుతాడు. తమ క్రతువులు, తమ జీవన విధానం పోవడం వల్లనే ఇదంతా వచ్చిందనీ, తిరిగి వాటి దగ్గరికి వెళ్లడమే మార్గమనీ, మానసిక వైద్యశాల తమను తెల్లవారిలా ఆలోచింపజేసే ఇంకొక పద్ధతేననీ ఆయన భావన. మనస్తత్వశాస్త్రం చదువుకున్న గాన్ ఈ మాటలను రోగి అపోహగా కొట్టివేయకుండా, ఒక సిద్ధాంతంగా తీసుకుని తన శాస్త్రాన్నే దాని ముందు నిలబెట్టారు. తరువాత 2012 వేసవిలో బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్‌లో మద్యం, మత్తు వ్యసనాల చికిత్సా కేంద్రంతో కలిసి, ఆసుపత్రి పద్ధతి బదులు పాత జీవన విధానంతో నడిచే సాంస్కృతిక శిబిరాన్ని రూపొందించడానికి ఈ ఆలోచనే దారితీసింది.

రెండోది ఇంకా ఆసక్తికరం. 19వ శతాబ్దంలో శత్రువులకు చిక్కి, తప్పించుకుని వచ్చిన ఒక గ్రో వాంట్ స్త్రీ కథనాన్ని ఆయన విశ్లేషించారు. నేటి లెక్కలో అది తప్పక గాయపరిచే అనుభవం. కాని ఆ కథనంలో గాయం జాడ కనిపించదు. సాహసం, ఉపాయం, తెగ దేవతల అండ కనిపిస్తాయి. దీన్నిబట్టి కష్టం కలిగిన ప్రతిచోటా గాయం ఉండి తీరుతుందనే మన ఊహను సరిచూసుకోవాలని ఆయన అంటారు.

అంకెల సంగతి. 2019లో గాన్, ఆయన సహచరులు అమెరికా, కెనడాలలో చారిత్రక గాయానికి, ఆరోగ్యానికి ఉన్న సంబంధంపై వచ్చిన 32 వ్యాసాలను సమీక్షించారు. ఒక్కొక్క అధ్యయనం గాయాన్ని ఒక్కొక్క విధంగా కొలిచింది కనుక, ఫలితాలను ఒక్క మాటలో చెప్పలేని పరిస్థితి వారికి ఎదురైంది. నువ్వు చెప్పిన కొలమానంలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. నష్టాల గురించి ఎంత తరచుగా ఆలోచిస్తారని అడిగి, దిగులుగా ఉన్నారా అని కూడా అడిగితే, ఆ రెండూ కలిసి కదలడంలో వింత లేదు. దిగులుగా ఉన్నవాడు పాత కష్టాలను ఎక్కువగా తలుచుకుంటాడు. చరిత్ర దిగులు తెచ్చిందో, దిగులు చరిత్రను గుర్తు చేసిందో 60 మందితో ఒక్కసారి నింపించిన పత్రం చెప్పలేదు.

జన్యువుల ద్వారా గాయం వారసత్వంగా వస్తుందని పత్రికలలో వచ్చే వార్తలకు కూడా దూరంగా ఉండు. రేచెల్ యెహూదా బృందం 2016లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో మారణహోమం నుంచి బయటపడినవారు 32 మంది, వారి సంతానం 22 మంది. ఆలోచింపజేసే ఫలితమే గాని, ఒక జాతి మొత్తానికి వర్తింపజేయడానికి అది చాలదు. పైగా 'వీరి రక్తంలోనే ఉంది' అనే మాట మన జిల్లాలో ఏ అర్థంలో వాడారో మాస్టారు ఇప్పుడే చెప్పారు కదా.

వీటన్నిటి బదులు చాండ్లర్, లలోండ్ 1998లో ప్రచురించిన పనిని చూడమని నా సలహా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 200 ఆదివాసి సమూహాలను పరిశీలిస్తే, 1987 నుంచి 1992 వరకు సగానికి పైగా సమూహాలలో యువకుల ఆత్మహత్య ఒక్కటి కూడా లేదు, మరికొన్నింటిలో మాత్రం చాలా ఎక్కువ. వలస పాలన అందరినీ బాధించింది కదా, మరి ఈ తేడా ఎందుకని వారు అడిగారు. స్వయంపాలన, భూమి హక్కుల కోసం పోరాటం, బడి, వైద్యం, పోలీసు–అగ్నిమాపక సేవలు తమ చేతిలో ఉండడం, సాంస్కృతిక కేంద్రం ఉండడం అనే ఆరు గుర్తులు ఎంత ఎక్కువగా ఉన్న చోట ఆత్మహత్యలు అంత తక్కువగా ఉన్నాయి. ఆరూ ఉన్న చోట అసలు లేవు. నా వంటి వైద్యుడికి ఇది కొంచెం చేదుగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఆరింటిలో మానసిక వైద్యుడు ఎక్కడా లేడు.


సమాధానం 3: స్టాఫ్ నర్సు, తాడేపల్లి

నమస్కారం. నేను ఎరుకల కుటుంబంలో పుట్టినదాన్ని. మా నాయనమ్మ సెటిల్‌మెంటులో పెరిగింది. పై రెండు సమాధానాలను రెండేసిసార్లు చదివాను. మా గురించి మేము లేనట్టుగా మాట్లాడుకోవడం మాకు అలవాటైన విషయమే కాని, ఈసారి మాటలు మర్యాదగా ఉన్నాయి కనుక నేను కూడా కలుగజేసుకుంటున్నాను.

డాక్టరు గారు చెప్పిన ఆ గ్రో వాంట్ స్త్రీ కథ చదవగానే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. హాజరు గంట గురించి, పాసు లేకుండా బుట్టలు అమ్ముకోవడానికి వెళ్లి గట్టు చాటున దాక్కోవడం గురించి ఆమె చెబుతుంటే మేము పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. హాజరు వేసే అయ్యగారి నడకను అనుకరించి చూపించేది. ఆమె జీవితంలో దుఃఖం లేదని నేను అనను. కాని మాకు అందించినది మాత్రం ఆ నవ్వు. దాన్ని మీ పత్రంలో ఏ గడిలో రాస్తారు? ఆమె మా కుర్రు భాషలో ఆ కథలు చెప్పేది. నాకు అర్థమవుతుంది గాని తడబడకుండా మాట్లాడలేను, నా కొడుక్కి అది కూడా రాదు. ఈ నష్టం గురించి ఎంత తరచుగా ఆలోచిస్తారని మీరు అడిగితే నిజానికి ఇవాళే ఆలోచించాను.

ఇక గాయం అన్న మాట. మా వాళ్లు 'కష్టం' అంటారు, 'అవమానం' అంటారు, అన్నిటికంటే ఎక్కువగా 'మచ్చ' అంటారు. 'మా ఊరికి మచ్చ పడింది' అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. గాయం మానితే మిగిలేదీ మచ్చే, ఒకరు మరొకరి మీద వేసేదీ మచ్చే. గాయం దెబ్బతిన్నవాడి ఒంట్లో ఉంటుంది. మచ్చ మాత్రం చూసేవాడి కంట్లో కూడా ఉంటుంది. మీరు గాయాన్ని కొలవడానికి వస్తే మమ్మల్నే పరీక్షిస్తారు, మచ్చను కొలవాలంటే ఊళ్లో మిగిలినవారిని కూడా అడగవలసి వస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా క్లాసులో ఒకరి డబ్బులు పోయాయి. మొదట వెతికింది నా సంచి. డబ్బులు ఆ అమ్మాయి పుస్తకంలోనే దొరికాయి, ఎవరూ ఏమీ అనలేదు, పాఠం కొనసాగింది. ఇది 1911లో జరిగింది కాదు. నర్సింగు చదివాక నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఓపీ చీటీ రాసేవాడు ఊరి పేరు వినగానే తలెత్తి చూసే చూపు నాకు తెలుసు. ఆ చూపు తప్పించుకోవడానికి మా బంధువులలో ఒకాయన ఛాతీ నొప్పితో రెండు రోజులు ఇంట్లోనే ఉండి, మూడో రోజు అర్ధరాత్రి వచ్చాడు. వచ్చాక కూడా అత్తగారి ఊరి పేరు చెప్పి చీటీ రాయించుకున్నాడు. అతని పాత రిపోర్టులు సొంత ఊరి పేరు మీద ఉండడంతో అవి దొరకడానికి మరికొంత సేపు పట్టింది. ఇందులో తరాల నుంచి వచ్చిన దుఃఖం ఎంతో నేను చెప్పలేను. 'ఏ ఊరు?' అనే ప్రశ్న మాత్రం స్పష్టంగా ఉంది. గుండె జబ్బుకు ఆ ప్రశ్న కారణం కాదు, ఆలస్యానికి మాత్రం కారణం. నర్సుగా నాకు ఆలస్యం అంటే ఏమిటో తెలుసు.

సినిమావాళ్లకు మా ఊరు ఎప్పుడూ కావాలి, దొంగ పాత్ర పుట్టడానికి. మీకు కూడా మా ఊరే కావాలి, బాధితుడి పాత్ర పుట్టడానికి. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి.


ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాస్టారికి, డాక్టరు గారికి, అక్కకు కృతజ్ఞతలు. అక్కా, మీ మాట కటువుగా లేదు, నిజంగా ఉంది. నిన్న సాయంత్రం ఆ 12 ప్రశ్నలను పక్కన పెట్టుకుని మీ ముగ్గురి సమాధానాలతో పోల్చి చూశాను. భూమి, భాష, పెద్దల పట్ల గౌరవం వంటి ఐదారు ప్రశ్నలు అనువాదంలో నిలబడతాయి గాని, వాటికి వచ్చే జవాబులతో నేను ఏం చెప్పగలనో నాకే తెలియడం లేదు. 60 మందికి పత్రం నింపించే ఆలోచన మానుకుంటున్నాను.

దాని బదులు పది, పన్నెండు కుటుంబాలతో కూర్చుని రెండు విషయాలు మాత్రమే వినాలనుకుంటున్నాను. మొదటిది, సెటిల్‌మెంటు కాలం గురించి ఇంట్లో ఏ కథలు చెప్పుకుంటారు, ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు. రెండోది, ఒంట్లో బాగాలేనప్పుడు ఆసుపత్రికి ఎప్పుడు వెళతారు, ఎప్పుడు ఆగిపోతారు, అక్కడ ఊరి పేరు అడిగితే ఏం చెబుతారు. వీలైతే రెండు ఓపీ కౌంటర్లలో పనిచేసేవారితో కూడా మాట్లాడతాను. ఇది మానసిక ఆరోగ్యం కిందికి రాదని మా గైడ్ గారు అనవచ్చు. డాక్టరు గారు చూపించిన బ్రిటిష్ కొలంబియా అధ్యయనాన్ని ఆయన ముందు ఉంచుతాను. శీర్షికలో 'గాయం' అనే మాట పెట్టను.


సమాధానం 2 రాసిన వైద్యుడు

ఈ పద్ధతి నాకు నచ్చింది. ఒక హెచ్చరిక: మాట్లాడుతూ ఉండగా ఎవరైనా చనిపోవాలనిపిస్తోందనే మాట అంటే, అది నీ పుస్తకంలో రాసుకుని వచ్చేయవలసిన విషయం కాదు. ఎవరి దగ్గరికి తీసుకువెళ్లాలో ముందే ఏర్పాటు చేసుకుని వెళ్లు. నా వద్దకు పంపినా అభ్యంతరం లేదు, ఫీజు ప్రసక్తి ఉండదు.

అలాగే సేకరించిన మాటలు ఎవరి సొత్తు అన్నది మొదటే తేల్చుకో. అరిజోనాలో హవాసుపాయి తెగవారు మధుమేహం పరిశోధన కోసమని 1990 నుంచి రక్తం ఇస్తే, దాన్ని మానసిక వ్యాధుల మీద, వారి పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు కూడా వాడారు. విషయం కోర్టుకు వెళ్లి, 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్త నమూనాలను తిరిగి ఇచ్చింది. నువ్వు రక్తం తీయడం లేదు, నిజమే. కాని ఇంటి కథ కూడా ఒకచోట ఇచ్చినది ఇంకొకచోట వాడుకోదగినదే.


సమాధానం 1 రాసిన అధ్యాపకుడు

నర్సమ్మ గారు చెప్పిన 'మచ్చ' తరువాత నా దగ్గర అంతకంటే మంచి మాట లేదు. ఒక్క సవరణ చేసుకుంటాను. పుట్టు దొంగలు, పుట్టు రోగులు అని రెండు ముద్రలు రాశాను. ఆమె మూడోది చెప్పారు, పుట్టు బాధితులు. నేను రాసిన చరిత్ర కూడా ఆ మూడో ముద్ర వైపే కాస్త ఒరిగి ఉందని మళ్లీ చదివినప్పుడు అనిపించింది. ఉప్పు వర్తకం గురించి రెండు వాక్యాలు రాసి, చట్టం గురించి రెండు పేరాలు రాశాను. అమ్మా, ఇళ్లలో కూర్చున్నప్పుడు గాడిదల కాలం కథలు ఎవరికైనా గుర్తున్నాయేమో కూడా అడుగు.


సమాధానం 3 రాసిన స్టాఫ్ నర్సు

చెల్లీ, గాడిదల కాలం మా వాళ్లలో ఎవరికీ గుర్తు ఉండకపోవచ్చు గాని, మా మేనత్తకు పాటలు వచ్చు. ఆమెకు వినికిడి తక్కువ, దగ్గరగా కూర్చుని గట్టిగా మాట్లాడాలి. మొదటిసారి పుస్తకం, పెన్ను, ఫోను బయటికి తీయకుండా రా. మా ఇంట్లో రాసుకునేవాళ్లను చూస్తే మాటలు ఆగిపోతాయి, అది హాజరు రిజిస్టరు నాటి అలవాటు. రెండోసారి నుంచి నువ్వు రాసుకోవచ్చు. రాసినదాన్ని మీ గైడ్ గారికి ఇచ్చేముందు మా వాకిట్లో చదివి వినిపించాలి, మేము తీసేయమన్నది తీసేయాలి. దీనికి ఒప్పుకుంటే ఈ వేదికలోనే నాకు విడిగా సందేశం పంపు. మాకు ఆదివారం సాయంత్రం వీలు. ఆ పూట పెద్దవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు.